నాయినకు రాని ఇంగ్లీషులో సైకిలు ముచ్చట

పిల్లలూ, మొన్న ఫోనులో మీలో పెద్దది ఒక సంగతి చెప్పింది. దాని ఇంగ్లీషు పరీక్షలో ఎదురుగా ఒకామె కూర్చుని, "చిన్నప్పుడు సైకిలు తొక్కిన ముచ్చట రెండు నిమిషాలు చెప్పు" అన్నదట. ఇది నీళ్లు నమిలి, సైకిలుకు రెండు చక్రాలుంటాయని చెప్పి, ఆగిపోయిందట. మీరంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అదే పరీక్ష నేనూ రాశాను. రాయడమంటే నోటితోనే. మిర్యాలగూడలో, నా పన్నెండో ఏట. నేను రెండు నిమిషాల్లో ఆపలేదు. ఆపితే బాగుండేదేమోనని కాసేపు భయపడ్డాను కూడా. ఫోనులో ఇదంతా చెప్పబోతే మీకు నడుమ ఏదో ఒక పని తగులుతుంది. అందుకే రాస్తున్నాను, తీరికైనప్పుడు చదువుకోండి.

మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం. మా నాయిన బియ్యం మిల్లులో గుమాస్తా. ఊళ్లమీద తిరిగి వడ్లు చూసి, ఏ కళ్లంలో గింజ గట్టిగా ఉందో సేటుకు చెప్పడం ఆయన పని. ఆ తిరుగుడు కోసం ఒక సైకిలు కొనుక్కున్నాడు. నల్లగా, ఎత్తుగా, ముందు ఒక నూనె దీపం. దాన్ని సైకిలు అనేవాడు కాదు, బండి అనేవాడు. ఆదివారం పొద్దున మేము తలంటు పోసుకునే వేళకు ఆయన దానికి పోసేవాడు. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, తర్వాత చువ్వ చువ్వకూ కొబ్బరినూనె. అమ్మ అనేది, "నా తలకు పెట్టుకుందమంటే చుక్క ఉండది. అదేమో నిగనిగలాడ్తది."

ఆ సైకిలును ముట్టుకునే హక్కు లోకంలో ఒక్క మనిషికే ఉండేది. మా పక్కింటి సార్. బడిలో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ మనిషి. క్రైస్తవులు. ఆదివారం ఆదివారం ఊరవతల పల్లెలో ప్రార్థన చేయించడానికి పోయేవారు, మా సైకిలు మీదనే. ఆయన మాట మా మాటలా ఉండేది కాదు, ఆంధ్ర వాసన వేసేది. నాయిన ఆయన్ని ఏడిపించేవాడు. "ఏమండీ, ఒచ్చారాండీ, తిన్నారాండీ? సార్, మీరు ఒక్క మాటకు రెండు అండీలు పెడ్తరు, మాకు వినేసరికి ఆకలైతది." సార్ నవ్వి, "మీరు పెట్టనివన్నీ నేను పెడుతున్నానండీ అన్నగారూ" అనేవారు. సాయంత్రమైతే ఇద్దరూ మా అరుగుమీద కూర్చుని ఊరి సంగతులన్నీ తేల్చేవాళ్లు.

ఇక నా సంగతి. పోలీస్ యాక్షన్ అయిపోయి, మూతపడ్డ బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది అది. నేను ఏడో తరగతి. ఆ తర్వాత మా ఊళ్లో ఆడపిల్లలకు చదువు ఖతం. మగపిల్లలతో కలిపి పై తరగతికి ఎవరూ పంపేవాళ్లు కాదు. అయితే పట్నంలో ఆడపిల్లలకు హాస్టలుతో బడి ఒకటి ఉందనీ, జిల్లాల నుంచి కొద్దిమందిని తీసుకుంటారనీ, ఇంగ్లీషు మాట్లాడడం వస్తేనే తీసుకుంటారనీ సార్ కబురు తెచ్చారు. నాయినను ఒప్పించడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. నాయిన చివరికి, "సరే, పరీక్ష అయితే ఇయ్యనీ. పంపుడు పంపకపోవుడు తర్వాత ముచ్చట. దస్తకతు నాది గద" అన్నాడు. దస్తకతు అంటే సంతకం. ఆ సంతకం లేకపోతే సీటు వచ్చినా రానట్టే.

నాకు పట్నం పోవాలని ఎంత ఉండేదో ఇప్పుడు చెప్తే మీకు అర్థం కాదు. మా ఈడు పిల్లలకు అప్పటికే పెళ్లి మాటలు నడుస్తున్నాయి.

ఇంత పెద్ద సంగతి మీద ఉన్న పిల్ల బుద్ధిగా ఉండాలా వద్దా? నేను లేను. నేను సైకిలు తొక్కేదాన్ని.

ఆదివారం నాయిన అన్నం తిని లోపలి అర్రలో పడుకుంటే ఎండ వాలేదాకా లేచేవాడు కాదు. ఆ గురక మొదలైందంటే నేను సైకిలును మెల్లగా నడిపించుకుంటూ మిల్లు వెనక్కు పోయేదాన్ని. అప్పట్లో పిల్లల సైకిళ్లు ఎక్కడివి? నా ఎత్తు సీటు కిందికే వచ్చేది. అందుకని కైంచీ తొక్కేదాన్ని. అంటే సీటెక్కకుండా, పక్కనే నిలబడి, నడిమి కడ్డీ కిందినుంచి ఒక కాలు అటువైపు దూర్చి, కత్తెరలా కాళ్లాడించడం. ఒళ్లంతా ఒక పక్క, సైకిలంతా ఒక పక్క. దూరం నుంచి చూస్తే పిల్ల సైకిలు తొక్కుతున్నదా, సైకిలు పిల్లను ఎత్తుకుపోతున్నదా తెలిసేది కాదు.

ఎక్కడం వచ్చింది, పోవడం వచ్చింది, మలుపు తిప్పడం కూడా వచ్చింది. దిగడం మాత్రం రాలేదు. బ్రేకు పడితే నేను ముందుకు పడేదాన్ని. పట్టకపోతే అది ఆగేది కాదు. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. మిల్లు వెనక ఊక కుప్ప ఉండేది, ఇంటి ఎత్తు. వడ్లు ఆడించిన ఊకంతా అక్కడే పోసేవాళ్లు. నేను మూల తిరిగి నేరుగా పోయి ఆ కుప్పలో దూరేదాన్ని. సైకిలు సగం, నేను సగం ఊకలో కూరుకుపోయి మెత్తగా ఆగేవాళ్లం. తర్వాత నన్ను నేను దులుపుకుని, సైకిలును నా లంగా కొసతో తుడిచి, తెచ్చి యథాప్రకారం నిలబెట్టేదాన్ని. లోకంలో సైకిలు దిగే పద్ధతి ఇదేననుకునేదాన్ని.

ఒక శనివారం సార్ వాళ్ల అమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే మా సైకిలు తీసుకుని కోదాడ పోయారు. ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, నాయిన పడుకున్నాడని లేపకుండా, అమ్మకు చెప్పి, సైకిలు అరుగు పక్కన నిలబెట్టి పోయారు. ఆయన వాళ్లింటి తలుపు వేసుకోగానే నేను మా తలుపు తీశాను.

ఆ రోజు ఎప్పటికన్నా జోరుగా పోయాను. గాలి చెవుల్లో పాడుతున్నది. మూల తిరిగాను. కుప్ప లేదు.

ఇటుక బట్టీల వాళ్లు ముందురోజు బండ్లు కట్టుకొచ్చి ఊకంతా ఎత్తుకుపోయారు. ఇన్నాళ్లూ దాని వెనక దాక్కున్న మిల్లు గోడ బయటపడి ఉంది. నేను దాన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ రోజు దగ్గర్నుంచి చూశాను.

నాకు మోచెయ్యి గీసుకుపోయింది. సైకిలుకు ముందు మడ్‌గార్డు ముడుచుకుపోయింది, ఒక పెడలు వంకర తిరిగింది. దాన్ని ఎట్లా ఇంటికి చేర్చానో నాకే తెలియదు. అమ్మ చూసింది. ఒక్క మాట అనకుండా నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి పసుపు నూనె పెట్టింది. పెడుతూ, వినిపించీ వినిపించనట్టు అన్నది: "సప్పుడు జెయ్యకు. ఆడివిల్ల సైకిల్ ఎక్కిందని తెలిస్తే మీ నాయిన నిన్ను గడప దాటనియ్యడు. ఇగ పట్నం ముచ్చట మర్సిపోవాలె."

నాయిన లేచి, నోట్లో చుట్టతో బయటికి వచ్చాడు. చుట్ట కిందపడింది.

"సార్! ఓ సార్! ఒకపారి ఇటు రాండ్రి."

సార్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు.

"ఏంది సార్ ఇది? నేనెట్ల ఇచ్చిన, మీరెట్ల తెచ్చిన్రు?"

సార్ సైకిలును చూసి ఆశ్చర్యపోయారు. "నేను బాగానే తెచ్చానండీ అన్నగారూ. మునగాల దగ్గర దిగి మంచినీళ్లు తాగాను, అంతే. ఎక్కడా తగల్లేదు."

"తగలకుంటనే వంగిందా? నిలవడ్డ కాడ్నే మడ్‌గార్డు ముడుసుకున్నదా? మీ కోదాడల సైకిళ్లు గోడలెక్కుతయేమో గని, మా సూర్యాపేటల ఎక్కయి."

"నిజమండీ. నేను అబద్ధం ఆడనండీ."

"పడ్డనని చెప్పున్రి, పాయె. మనిషన్నంక పడ్తడు. గని పడి, లేదంటరేంది? ప్రార్థన చేయించే నోరాయె!"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సార్ మొహం వాడిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. నేను తలుపు వెనక నిలబడి, మోచెయ్యి కనబడకుండా ఓణీలో చుట్టుకుని, అంతా విన్నాను. ఒక్క అడుగు ముందుకేస్తే సరిపోయేది. వెయ్యలేదు. పట్నం గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయిదు నెలలు. అరుగు ఖాళీ అయింది. సార్ ఆదివారం ఆదివారం ప్రార్థనకు నడిచి పోయి, నడిచి వచ్చేవారు, మోకాళ్లదాకా దుమ్ముతో. నాయిన ఆ వేళకు కావాలనే బయట కూర్చుని సైకిలు తుడిచేవాడు. అమ్మ ఏం చేసేదంటే, ఆదివారం కూర వండి ఒక గిన్నె నా చేతికిచ్చి, "సార్‌కు ఇచ్చిరా, నాయిన సూడకుంట" అనేది. అది అమ్మ క్షమాపణ అని నాకు తెలుసు. సార్‌కు తెలియదు. "మీ అమ్మగారి చేతి వంకాయ భలే ఉంటుంది" అని తినేవారు. ఆ మాట వినగానే నేను ఖాళీ గిన్నె తీసుకుని ఇంటికి పరుగెత్తేదాన్ని.

ఇంత జరిగినా నాకు చదువు చెప్పడం మాత్రం ఆయన ఆపలేదు. రోజూ దీపాలు పెట్టేదాకా కూర్చోబెట్టి మూడు పాఠాలు బట్టీ పట్టించారు. మా బడి, మా ఊరు, ఆవు. "ఏం అడిగినా ఈ మూడింట్లో ఒకదానికి తిప్పెయ్, అమ్మాయ్. ఆవు దాకా చేరావంటే ఇక భయం లేదు" అనేవారు.

పరీక్షకు మిర్యాలగూడ రమ్మన్నారు. నాయిన, నేను, సార్ బొగ్గుతో నడిచే బస్సు ఒకటే ఎక్కాం. సార్ మా బడి తరఫున రావాలి కాబట్టి వచ్చారు. నాయిన ముందు సీట్లో, సార్ వెనక సీట్లో, నేను నడుమ.

"బిడ్డా, టైమెంతయిందో మీ సార్‌ను అడుగు."

"సార్, టైమెంతైంది?"

"ఎనిమిదిన్నర అయిందని మీ నాయినగారితో చెప్పమ్మా."

"నాయినా, ఎనిమిదిన్నర."

"ఆయన గడియారం మంచిదేనా, అది గూడ ఏడన్న గోడకు తాకిందా అడుగు."

నేను అది అడగలేదు. అడక్కపోయినా వెనక వినపడింది.

మిర్యాలగూడ బడిలో పెద్ద హాలు. పరీక్ష చేసే ఆమె బొంబాయి వైపు మనిషి. తెల్ల చీర, కళ్లద్దాలు, జుట్టు ముడి. నాయిన ఆమెకు "పరీక్షలమ్మ" అని పేరు పెట్టాడు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. అక్కడొక పద్ధతి ఉండేది. ప్రతి పిల్ల వెనకా తండ్రో మేనమామో కూర్చోవాలి. ఏం అడిగిందీ, పిల్ల ఏం చెప్పిందీ వాళ్లకు అక్కడికక్కడే తెలుగులో చెప్పాలి. లేకపోతే, తెలియని భాషలో మా పిల్లను ఏం అడిగారో ఏమో అని పెద్దలు సంతకం పెట్టేవాళ్లు కాదు. ఆ చెప్పే గుమాస్తాకు ఆ రోజు జ్వరం. "తెలుగులో చెప్పగలిగిన మాస్టరు ఎవరైనా ఉన్నారా?" అని ఆమె అడిగింది. హాలులో ఇంగ్లీషు వచ్చిన మాస్టరు మా సారొక్కరే. ఆయన లేచి వచ్చి, ఆమె కుర్చీ పక్కన నిలబడ్డారు. నాయిన నా వెనక కుర్చీలో సర్దుకుని, చేతులు కట్టుకున్నాడు. తాను అయిదు నెలలుగా మాట్లాడని మనిషి నోటి నుంచే తన బిడ్డ మాటలు వినాలన్నమాట.

పేరు అడిగింది. చెప్పాను. ఊరు అడిగింది. చెప్పాను. సార్ అవి తెలుగులో చెప్పారు. నాయిన కిటికీ వైపు చూస్తూ "ఊఁ" అన్నాడు.

అప్పుడామె, "మీ ఇంట్లో నీకు ఎక్కువ ఇష్టమైన వస్తువు ఏది?" అని అడిగింది.

బడి కాదు, ఊరు కాదు, ఆవు అసలే కాదు. మాకు ఆవు లేదు. నోటికి వచ్చింది చెప్పాను: "బైసికిల్."

ఆమె కలం కింద పెట్టింది. "నీకు తొక్కడం వచ్చా?"

"యెస్ మేడం."

అనేశాక వెనక నాయిన ఉన్నాడని గుర్తొచ్చింది. సార్ నా వైపు చూశారు. తర్వాత నాయిన వైపు తిరిగి, తొణక్కుండా, "ఇంట్లో సైకిలు ఉందా అని అడిగారండీ. ఉందని చెప్పింది" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు రెండు సంగతులు తెలిశాయి. సార్ నన్ను కాపాడుతున్నారు. ఈ ఇంగ్లీషులో నేను ఏం చెప్పినా నాయినకు చేరదు, సార్‌కు చేరుతుంది. అయిదు నెలలుగా ఆయనకు తెలుగులో చెప్పలేకపోయిన మాట నా దగ్గర ఒకటి ఉంది కదా. అది ఇక ఆగలేదు.

"ఎవరు నేర్పారు? ఎట్లా తొక్కుతావు? చెప్పు" అన్నది ఆమె.

చెప్పడం మొదలుపెట్టాను. వచ్చిన ఇంగ్లీషు ఎంత? చారెడు. కైంచీ ఎట్లా తొక్కుతారో మాటల్లో రాక, లేచి నిలబడి కుర్చీ కోళ్ల మధ్య కాలు దూర్చి చూపించాను. ఆమె ముందుకు వంగి చూసింది. దిగడం రాదని చెప్పాను. మరి ఎట్లా ఆగుతావంది. ఊకకు ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. "మేడం, రైస్ షర్ట్" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "మిల్లులో బియ్యం షర్ట్ విప్పుతుంది. చాలా షర్ట్‌లు. పెద్ద కొండ. నేను సైకిలుతో షర్ట్‌లలోకి పోతాను. ఆగుతాను." ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏమంటున్నదట?" నాయిన వెనకనుంచి అడిగాడు.

"మిల్లు గురించి చెప్తోందండీ" అన్నారు సార్.

"మంచిగ చెప్పమను. సేటు పేరు గూడ చెప్పమను."

నేను ఆమెనే చూస్తూ, సార్‌కు చెప్పాను. ఒక ఆదివారం ఆ షర్ట్‌ల కొండ లేదు. గోడ ఉంది. సైకిలు విరిగింది. మా నాయిన మా సార్ విరగ్గొట్టారన్నాడు. సార్ విరగ్గొట్టలేదు. నేను విరగ్గొట్టాను. నేను చెప్పలేదు. సార్ ఇప్పుడు నడిచి పోతారు.

ఎంత తప్పుల ఇంగ్లీషో. గతమూ వర్తమానమూ కలిసిపోయి ఉంటాయి. అయినా ఆమెకు అర్థమైంది, నవ్వడం మానేసింది. "ఆ సార్ ఎవరు?" అన్నది మెల్లగా. నేను వేలు చూపించలేదు. చూపించాల్సిన పని కూడా లేదు. ఆమె పక్కన నిలబడ్డ మనిషి తల వంచుకుని, కళ్లద్దాలు తీసి, ఊరికే తుడుస్తున్నారు.

"ఇంతసేపు ఏం చెప్పింది?" నాయిన గొంతులో అనుమానం. "పరీక్షలమ్మ నవ్వె, ఇప్పుడేమో మొగం గట్ల పెట్టె."

తన మీద పడ్డ నింద చెరిగిపోయే మాట సార్ నాలుక చివర ఉంది. చెప్పమని అడుగుతున్నది ఆ నింద వేసిన మనిషే. చెప్పడం ఆ రోజు ఆయన ఉద్యోగం కూడా. సార్ కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని అన్నారు:

"సైకిలును మీరు ఎంత బాగా చూసుకుంటారో చెప్తోందండీ. ఆదివారం ఆదివారం కొబ్బరినూనె రాస్తారనీ, అద్దంలా ఉంటుందనీ."

నాయిన మొహం వెలిగిపోయింది. కుర్చీలో ముందుకు జరిగాడు. తర్వాత అయిదు నెలల్లో మొదటిసారి సార్ కళ్లలోకి నేరుగా చూసి అన్నాడు: "గంతేనా? అడుక్కపోయినోళ్లు దాన్ని ఏం జేసి తెచ్చిన్రో, అది గూడ చెప్పమనున్రి. పరీక్షలమ్మ గూడ వింటది."

సార్ ఆ మాట కూడా పడుతూ నిలబడ్డారు. ఆ నిలబడడం చూశాక నాకు పట్నం గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి అరిచినట్టే అన్నాను:

"సార్ కాదు నాయినా! నేను. నేనే ఇరగ్గొట్టిన. గోడకు తాకిచ్చిన. ఇంగ్లీషుల గదే చెప్పిన. సారే నీకు చెప్తలేడు."

హాలులో మిగతా తండ్రులు, మేనమామలు అందరూ మా వైపు తిరిగారు. నాయిన నోరు తెరిచి నన్ను చూశాడు, సార్‌ను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"నువ్వా?"

"ఆఁ."

"నువ్వు సైకిల్ ఎక్కినవా?"

"ఎక్కలే నాయినా. కైంచీ."

వెనక ఎవరో మేనమామ పకపకా నవ్వాడు. నాయిన నవ్వలేదు. సార్ వైపు తిరిగాడు. "ఏం సార్? ఇది చెప్పిందని మీకు సమజైంది. నాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే సంతకం పెట్టరేమోనని భయపడ్డానండీ."

"నేను నిన్ను అయిదు నెలలు... గంత మాట గూడ అంటిని..." నాయిన 'మీరు' మర్చిపోయాడు. కోపంలో కాదు. "ఒక్క మాట చెప్పకపోతివి గద, సార్."

"అబద్ధం ఆడనని ఆ రోజు మీతో అన్నానండీ. ఇవాళ రెండు ఆడేశాను. ఇక నన్ను తిట్టినా ఫర్వాలేదు."

పరీక్షలమ్మ బల్లమీద కలంతో కొట్టింది. ఇందాకటినుంచి అందరూ తెలుగులో మాట్లాడుకుంటున్నారు, ఏం జరుగుతున్నదో ఆమెకు ఇంగ్లీషులో చెప్పాలట. ఇప్పుడు సార్ అటు తిరిగి ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఆమె శ్రద్ధగా విన్నది. విని, కాగితం మీద ఏదో రాసి, నాయిన ముందుకు జరిపింది. సార్ తెలుగులో చెప్పారు, ఈసారి ఉన్నదున్నట్టు: "మీ అమ్మాయికి సీటు ఇస్తున్నారండీ. బట్టీ పట్టని మాటలు ఇవాళ ఈ హాలులో ఈమె ఒక్కతే మాట్లాడిందట. మీకు ఇష్టమైతే ఇక్కడ సంతకం పెట్టాలి."

నాయిన సంతకానికి కలం తీసుకున్నాడు. పెట్టలేదు. కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు. చెప్పిందే మంచిదైందని ఒకపక్క, చెప్పి అంతా పోగొట్టుకున్నానని ఒకపక్క అనిపిస్తున్నది నాకు.

"సార్," అన్నాడు చివరికి. "దీని తప్పుకు మాట పడ్డది మీరు. శిక్ష గూడ మీరే చెప్పున్రి. తోల్నా, వద్దా? మీరు ఎట్లంటే గట్ల."

సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పంపించెయ్యండి అన్నగారూ. ఈ అమ్మాయి ఇంట్లో ఉంటే మీ సైకిలు బతకదండీ."

నాయినకు నవ్వు ఆగలేదు. మీసాల కింద మొదలై, కడుపు దాకా పోయింది. సార్ కూడా నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పరీక్షలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే నాయిన సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరగా పోయాయి.

కాగితం ఇచ్చేసి నన్ను దగ్గరికి పిలిచాడు. చెంప మీద ఒకటి పడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. పడలేదు. "బిడ్డా, సదువు ఎంతన్న సదువుకో, ఏ భాషన్న నేర్సుకో. గని నాకు చెప్పేది ఉంటే నాకు సమజయ్యే మాటల చెప్పు. మన నడుమ ఇంకో మనిషిని పెట్టకు" అన్నాడు.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. నాయిన సార్‌తో అయిదు నెలల ముచ్చట్లన్నీ ఒక్కసారే మొదలుపెట్టాడు. వడ్ల ధర, కోదాడలో సార్ వాళ్ల అమ్మ ఆరోగ్యం, మిల్లుకు వచ్చిన కొత్త మిషను. సగం దారిలో ఉన్నట్టుండి ఆగి నా వైపు తిరిగాడు.

"మోచెయ్యికి పసుపు పెట్టుకున్నవు గప్పుడు. కుండకు గీసుకున్నదని మీ అమ్మ చెప్పింది నాకు."

సార్ కిటికీలోంచి పొలాలను చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"అంటే మీ అమ్మకు ఎరుకే."

నేను మోచెయ్యి ఓణీలో దాచుకున్నాను.

"ఇంట్ల ఎరుక లేనిది నాకొక్కనికేనన్నట్టు."

"నాకు కూడా తెలియదండీ," అన్నారు సార్. "నేను ఊరికే వంకాయ తిన్నాను."

ఆ వంకాయ ఏమిటో నాయినకు అర్థం కాలేదు. మా ఇద్దరికీ చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇంటికి చేరేసరికి అమ్మ గడపలో నిలబడి ఉంది. ముందు నా మొహం చూసింది, తర్వాత నాయిన పక్కన నడుస్తున్న సార్‌ను చూసింది. అంతా అర్థమైపోయినట్టుంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా అడగాల్సిన మాటే అడిగింది.

"సీటొచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు నాయిన చెప్పులు విడుస్తూ. "దస్తకతు గూడ పెట్టిన. ఇగ నీ సంగతి ఉన్నది. అది తర్వాత మాట్లాడ్త."

"తర్వాత మాట్లాడుదువులే. ముందుగాల ముగ్గురు కాళ్లు కడుక్కోన్రి. బువ్వ సల్లారుతున్నది" అన్నది అమ్మ. లోపలికి పోయి నాలుగు పళ్లేలు పెట్టింది. నేను పట్నం పోయే రోజు దాకా ఆ "తర్వాత" రాలేదు.